రాజుగారి విందులో చుక్క మందు లేదు

కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్లే దారి గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం ఆ దారిలో వెళ్లకూడదనీ చెప్పక్కర్లేదు. ఫోర్ట్ పిట్ టన్నెల్ ముందు ఒకసారి, స్క్విరెల్ హిల్ టన్నెల్ ముందు ఇంకోసారి ఇరుక్కున్నాను. అయినా హుషారుగానే ఉన్నాను, ఎందుకంటే ఈసారి వెళ్తున్నది మీడ్ కోసం, అంటే తేనెతో చేసే మందు కోసం.

మా టీమ్‌లో పిట్స్‌బర్గ్ నుంచి పనిచేసే మిత్రుడొకడు ఇంట్లోనే మీడ్ చేస్తాడు. తేనె, నీళ్లు, ఈస్ట్ కలిపి పెద్ద గాజు సీసాలో నెలల తరబడి పులియబెడతాడు. వీడియో కాల్‌లో అతని వెనక బల్ల మీద ఆ సీసా కనిపించేది. మూతకు బిగించిన చిన్న గొట్టంలోంచి బుడగ తన్నినప్పుడల్లా మేనేజర్‌తో సహా అందరం అటే చూసేవాళ్లం. ఇదంతా చట్టబద్ధమే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే సొంతానికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు వైన్ చేసుకోవచ్చు, అమ్మకూడదంతే. మీడ్ కూడా వైన్ లెక్కలోకే వస్తుంది.

అతను సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజంలో సభ్యుడు. 1966లో బర్క్‌లీలో పుట్టిన గుంపు ఇది. 17వ శతాబ్దానికి ముందటి బట్టలు కట్టుకుని, కవచాలు తొడుక్కుని, బెత్తం కత్తులతో నిజంగానే బాదుకుంటారు. అమెరికానంతా రాజ్యాలుగా పంచేసుకున్నారు. పోటీలో గెలిచినవాడే రాజు, కొన్ని నెలలకు ఇంకొకడు గెలిచి కిరీటం పెట్టుకుంటాడు. శనివారం రాత్రి రాజుగారి విందు ఉంటుంది, రమ్మన్నాడు. పట్టు పంచె తెచ్చుకోనా అంటే, 1509లో పట్టానికొచ్చిన రాయలవారి కాలం కాబట్టి చెల్లుతుందన్నాడు.

తీరా అతనింటికి వెళ్లి చూస్తే కారు డిక్కీలో టెంటుంది, కవచముంది, ఇనప మూకుడుంది. మీడ్ లేదు.

"డ్రై సైట్" అన్నాడు, అదేదో వాతావరణం సంగతైనట్టు.

నాలుగు గంటలు కారు నడిపి వచ్చినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? ఫోన్‌లో చెప్పొచ్చుగా! క్యాంపుకి వెళ్లే దారంతా నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, అతను ఓపిగ్గా వివరించాడు. ఇలాంటి గుంపులకు సొంత స్థలాలుండవు. వారాంతానికి ఏదో ఒక క్యాంపు అద్దెకు తీసుకుంటారు. మందు సంగతి ఆ స్థలం ఎవరిదనేదాన్ని బట్టే ఉంటుంది. డ్రై అంటే చుక్క కూడా లోపలికి రాకూడదు. వెట్ అంటే తెచ్చుకుని తాగొచ్చు. డ్యాంప్ అంటే చాలాచోట్ల బీరు, వైను మాత్రమే, విస్కీలాంటివి కుదరవు. ఇంకోచోట తాగొచ్చు గానీ సీసాలు, డబ్బాలు బయటికి కనపడకుండా కప్పులో పోసుకోవాలి. ఈసారి దొరికింది స్కౌట్ పిల్లల క్యాంపు. స్కౌట్ల స్థలాల్లో మద్యం నిషేధం, అది పైనుంచి వచ్చిన రూలు, రాజుగారు అడిగినా మారదు. మరి అలాంటి చోటే ఎందుకంటే, వంటగది, మంచాలు, పెద్ద హాలు ఉండి ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదట.

చవక ఎవరికో తెలియదు. నా దగ్గర మాత్రం సభ్యుణ్ణి కానందుకు అదనంగా వసూలు చేశారు.

అంతలో తిరుపతి దేవస్థానం కల్యాణమండపాలు గుర్తొచ్చాయి. అక్కడా అంతే కదా, అద్దె కట్టినా మాంసం, మద్యం లోపలికి రావు. అందుకే మా పెదనాన్న కూతురి పెళ్లిలో బాబాయిలంతా తలంబ్రాల వేళకి పార్కింగ్‌లో అంబాసిడర్ చుట్టూ చేరారు. పెళ్లికొడుకు మేనమామని వెతకడానికి నన్నే పంపారు. ఇక్కడా అలాంటి ఏర్పాటేదో ఉండే ఉంటుందనుకుని మెల్లిగా కదిపాను. "కార్లలో పెట్టుకోరా?"

అతను నిజంగానే కంగారుపడ్డాడు. పార్కింగ్ కూడా స్కౌట్లదేనట. ఒక్క ఖాళీ డబ్బా దొరికినా వచ్చే ఏడాది స్థలం ఇవ్వరు, మళ్లీ ఇంకోటి వెతుక్కోవడానికి నెలలు పడుతుంది. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న పెద్దావిడ కూడా సంతకం పెట్టించుకుంటూ అదే అడిగింది. వీళ్ల భాషలో ఆ బల్లని ట్రోల్ అంటారు. మెడలో పూసలు, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో ప్లాస్టిక్ క్లిప్‌బోర్డు. నా పంచె వైపు మెచ్చుకోలుగా చూసి, "సీసాలేమీ లేవుగా నాయనా" అన్నట్టు నవ్వింది.

శనివారం యుద్ధాల గురించి రాయను, ఎండలో చూసీ చూసీ తలనొప్పి వచ్చింది. అప్పుడు ఎవరో మట్టి కప్పులో సెకంజబిన్ పోసిచ్చారు. పాతకాలపు పర్షియన్ పానీయం. చక్కెర పాకంలో వెనిగర్, పుదీనా వేసి మరిగించి, చల్లారాక నీళ్లు కలుపుతారు. మొదటి గుక్కకి వెనిగర్ ఘాటు ముక్కుకెక్కింది. రెండో గుక్కకి తలనొప్పి సంగతి మర్చిపోయాను. మూడో కప్పు నేనే వెళ్లి అడిగాను. రాత్రి విందులో రాజుగారూ అదే తాగారు, వెండి గిన్నెలో. వెట్ సైటైనా సొసైటీ డబ్బుతో తాగుడుకి మందు కొనకూడదనీ, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలనీ పక్కనున్నాయన చెప్పాడు. కిరీటం ఉండి ఏం లాభం!

ఆదివారం పొద్దున అసలు షాక్. క్యాంపు ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పాలి. నిన్న కత్తి పట్టి తిరిగిన బారన్‌గారు టీషర్టులో చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. నాకు బాత్రూములు పడ్డాయి. డబ్బులు కట్టి, చుక్క తాగకుండా, పంచె ఎగ్గట్టి బాత్రూములు కడిగాను.

ఆగస్టులో పెన్సిక్‌కి రమ్మన్నాడు మిత్రుడు, అది ఈ రాజ్యాలన్నీ కలిసి చేసే పెద్ద యుద్ధం. జరిగేది ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో. పదివేల మందికి పైగా వస్తారు, 21 ఏళ్లు నిండినవాళ్లు తాగొచ్చు. ఆ యుద్ధంలో ఓడినవాళ్లకు పిట్స్‌బర్గ్ దక్కుతుందని వాళ్ల పాత జోకు. వెంకన్న ఉన్న ఊరు ఓడినవాడికా అని నేను తగువేసుకున్నాను. ఆ తగువు తేలక, తిరుగు దారిలో అతన్ని పెన్ హిల్స్‌లో ఉన్న ఆ వెంకన్న గుడికే లాక్కెళ్లాను. దర్శనమయ్యాక పులిహోర తింటూ చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఇదీ డ్రై సైటేనా?"

మాంసం కూడా రానివ్వరన్నాను. అయితే అద్దె బాగా తక్కువుంటుందే అన్నాడు.