గంటలు రాసుకున్న నోటుబుక్కు

పరీక్ష రాసి వచ్చిన మూడో రోజున బల్ల సర్దుతుంటే, ఏడాది పొడవునా చదువు గంటలు రాసుకున్న నోటుబుక్కు చేతికి తగిలింది. ఫలితాలు ఇంకా వెలువడలేదు. అవి వచ్చాక, పాసైనా ఫెయిలైనా, ఈ ఏడాదిని ఉన్నదున్నట్టు చూడలేనేమోనన్న అనుమానంతో, ఇదే దారిలో నడుస్తున్న మీకోసం ఈ మాటలు ఇప్పుడే రాస్తున్నాను.

మొదటి నెలల పేజీల్లో 11, 12, 13 అని గంటల అంకెలు వరుసగా ఉన్నాయి. నాలుగో నెలలో ఒకచోట 14 అని రాసి ఎర్ర సిరాతో రెండు గీతలు గీసుకున్నాను. ఆ మర్నాడు అదే అధ్యాయం మీద రాసిన మాక్ టెస్టులో 100కు 38 మార్కులు వచ్చాయి. ఆ అధ్యాయాన్ని అప్పటికి నాలుగుసార్లు చదివాను; ఏ పేజీ తెరిచినా ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉండేది. ఆ తెలిసినట్టుండటమే నన్ను మోసం చేసిందని, 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన గురించి చదివినప్పుడు అర్థమైంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నా, వారం గడిచాక పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారే ఎక్కువ జ్ఞాపకం ఉంచుకున్నారు.

ఆ రోజు నుంచి ఒకసారి చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం ముందు పెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటిరోజు ఆరు పంక్తులు రాశాక ఏడో పంక్తి మధ్యలో కలం ఆగిపోయింది. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గు వేసింది, పుస్తకం తెరవాలని చెయ్యి లాగింది. తెరవకుండా అలాగే పది నిమిషాలు కూర్చోగలగడమే ఈ ఏడాది నేను సాధించిన అన్నిటికంటే పెద్ద సంగతి అని ఇప్పటికీ అనుకుంటున్నాను. రానిది రాదని ఒప్పుకుని, అయినా కుర్చీలోంచి లేవకుండా ఉండటం నాకు అంతకుముందు చేతనయ్యేది కాదు.

నిద్ర విషయం, మాక్ టెస్టుల్లో చేసిన తప్పులు రాసుకునే పుస్తకం వల్ల బయటపడింది. పోయిన మార్కుల్లో చాలా భాగం నాకు తెలియని ప్రశ్నలవి కావు. ‘కింది వాటిలో సరికానిది ఏది’ అన్నచోట ‘సరికానిది’ అన్న మాట చూడకుండా సమాధానం పెట్టినవి. ఆ తేదీలను నోటుబుక్కుతో పోల్చి చూస్తే, దాదాపు అన్నీ అయిదు గంటలే నిద్రపోయిన రాత్రుల మర్నాడు రాసిన పరీక్షలే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరమనీ, పగలు చదివినది మెదడులో నిలదొక్కుకునేది చాలావరకు నిద్రలోనేననీ నాకు ముందే తెలుసు, కానీ అది నాకు వర్తించదనుకున్నాను.

నడక, కళ్లకు విశ్రాంతి వంటివి అందరూ చెప్పేవే. ఒంటరితనం గురించి మాత్రం చెప్పాలి. మార్కులు తగ్గిన నెలల్లో స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాను. ఎత్తినప్పుడు మార్కులు ఎక్కువ చేసి చెప్పాను. ఒకరోజు 38 అన్న అంకెను ఉన్నదున్నట్టు చెప్పగానే అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు, తరువాత తన మార్కులూ అంతేనని చెప్పాడు. దిగులు, నిరాశ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా వదలకపోతే మాత్రం స్నేహితులతో మాట్లాడటం ఒక్కటే సరిపోదు. చదువు పాడవుతుందని వాయిదా వేయకుండా దయచేసి వైద్యుణ్ని కలవండి.

పరీక్ష జవాబుల కీ ఇంకా చూసుకోలేదు. తరువాతి విడత కోసం కొత్త నోటుబుక్కు తెరిచి, గంటల గడి తీసేసి మూడు గడులు గీసుకున్నాను: చూడకుండా ఎంత రాయగలిగాను, ఎక్కడ ఆగాను, రాత్రి ఎంతసేపు నిద్రపోయాను. మూడో గడిలో నిన్నటి అంకె ఎనిమిది.