రెండు రోజుల ఆఫ్‌లో ఒక టర్బో గొట్టం

శంషాబాద్ విమానాశ్రయంలో నా రోస్టర్ నాలుగు రోజులు డ్యూటీ, రెండు రోజులు ఆఫ్. చివరి నైట్ దిగిన ఉదయం నిద్రకే పోతుంది కనుక, కారు పనికి నికరంగా మిగిలేది ఒకటిన్నర రోజు. అందుకే, మళ్ళీ డ్యూటీ ఎక్కేలోగా పూర్తికాదనుకున్న పనికి నేను బోల్టు విప్పను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫియట్ లీనియా టీ-జెట్. 1368 సీసీ పెట్రోల్ టర్బో ఇంజిన్, 207 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఆ టర్బో అందుకున్నాక లాగుడే వేరు. అలాంటి బండి ఈ వేసవిలో ఔటర్ రింగ్ రోడ్డు మీద మూడో గేరులోనూ ఈసురోమంది. ఒక గ్యారేజీలో చూపిస్తే, ఈసీయూ రీమ్యాప్ చేయించుకోమన్నారు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామును బలం పెరిగేలా మార్చడం. జబ్బేమిటో తేలకుండా బలానికి మందు వేయడం నాకు నచ్చలేదు.

ముందు టర్బో గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూద్దామని, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక పీవీసీ మూత కొని, దానికి రంధ్రం చేసి ట్యూబ్ వాల్వు బిగించాను (ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసి ఉంటాయి; మంగళ, బుధవారాల్లో ఆఫ్ పడటం ఇలాంటప్పుడు వరం). మా సెల్లారులో ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి, టర్బో గాలి పీల్చే మూతికి ఆ పీవీసీ మూతను బిగించి, టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో 10 పీఎస్ఐ దాకా నింపి, అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లాను. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ నుంచి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగున, దాన్ని బిగించే క్లాంపు అంచును ఆనుకుని, నురగ బుడబుడమని లేచింది. ఊడదీసి చూస్తే ఏమీ కనబడలేదు. బొటనవేలితో నొక్కి వంచితే మాత్రం గోరంత పగులు నోరు తెరిచింది. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, ఎక్కినప్పుడే విచ్చుకుని, ఐడిల్‌లో మూసుకుపోయే పగులు అది. అలా పోయే గాలిని పూడ్చడానికి టర్బో మరింత వేగంగా తిరగాలి, మరింత వేడెక్కాలి. ఆ స్థితిలో రీమ్యాప్‌తో బూస్ట్ పెంచి ఉంటే, గొట్టంతో పోయే ఖర్చు టర్బో మీదకు వచ్చేది.

మన దేశంలో ఫియట్ కార్ల తయారీ ఆగిపోయింది కనుక అసలు గొట్టం కోసం వెతకలేదు. పాతదాని లోపలి కొలత వెర్నియర్‌తో తీసుకుని, పొరల మధ్య గుడ్డ అల్లిన సిలికాన్ గొట్టం తెచ్చాను. పాత క్లాంపుల గాట్లు సిలికాన్‌ను కోస్తాయి కాబట్టి, చుట్టూ సమానంగా పట్టే టీ-బోల్టు క్లాంపులు వేశాను. రెండో రోజు సాయంత్రానికి నురగ ఎక్కడా లేవలేదు, బండి మునుపటిలా లాగింది.

రీమ్యాప్ ఆలోచన నాకూ ఉంది, కానీ బలం పెంచే ముందు బ్రేకులు చూడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, మరిగితే బ్రేకు సరిగా పట్టదు. నా బండిలోది ఎప్పుడు మార్చారో చెప్పే బిల్లు ఒక్కటీ లేదు. వచ్చే ఆఫ్ దానికే.