మా అమ్మాయికి అహరోను

తెలుగు ఆరాధనలో సండే స్కూలు చిన్నపిల్లల్ని చూసుకోమ్మా అని పాస్టరు గారు అడిగినప్పటి నుంచి మా అమ్మాయిది ఒకటే పాట. "నేనే తెలుగు కూడబలుక్కుని చదువుతా, ఇంకొకళ్లకేం చెప్తా? పైగా నేను పెద్ద ప్రార్థనాపరురాలిని కూడా కాదు, నీకు తెలుసుగా మమ్మీ!" బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్ల. బడిలో కన్నడ, స్నేహితులతో ఇంగ్లీషు, తెలుగు మాతోనే.

"నీ తెలుగుకేం, బ్రహ్మాండం" అన్నారు వాళ్ల నాన్న. నాకు నచ్చలేదు. అది నిజం కాదు సరే, బైబిల్లో తన ప్రజల్ని విడిపించడానికి ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో దగ్గరికి వెళ్లమన్నప్పుడు దేవుడు కూడా మోషేతో అలా అనలేదు. తనది నోటి మాంద్యం, నాలుక మాంద్యం అని మోషే మొరపెట్టుకుంటే, నువ్వు చక్కగా మాట్లాడతావులే అని బుజ్జగించలేదు. నోరిచ్చింది ఎవరని అడిగాడు, తోడుంటానన్నాడు. అప్పటికీ ఇంకెవరినైనా పంపమంటే కోప్పడి, మాటకారి అయిన అన్న అహరోనును జత చేశాడు. చిన్నతనపు బెరుకా అంటే అదీ కాదు, ఫరో ముందు నిలబడేనాటికి మోషేకి 80, అహరోనుకి 83. పైగా కన్నది హెబ్రీ తల్లి, పెంచింది ఐగుప్తు రాజకుమార్తె, కాపురమేమో మిద్యానులో. ఆయన అవస్థ మన ప్రవాసపు పిల్లలకి విడమరిచి చెప్పాలా?

మా అహరోను ఒంగోలులో ఉంది, మా అమ్మ. శనివారం రాత్రి వీడియో కాల్‌లో ఆవిడకి పాఠం అప్పజెప్పాలి. ఈసారి పాఠం, మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర పెరిగిన పిల్లవాడు సమూయేలు కథ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్న కాగితం పట్టుకుని మొదలుపెడుతుంది.

"దేవుడు సమూయేలుని పిలిచింది..."

"పిలిచాడు తల్లీ."

"పిలిచాడు. సమూయేలు ఏలీ దగ్గరికి పరిగెత్తింది..."

"మళ్ళీ!"

నవ్వు ఆగాక అమ్మ, ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర కాలం ఎత్తుకుంటుంది. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, అంతకుముందు పల్లెల్లో సువార్త మోసినవాళ్లలో తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు, ఆయనేం సెమినరీలో చదివొచ్చాడా అంటుంది. ఒంగోలు వాళ్లకి ఈ కథ చెప్పకుండా ఫోను పెట్టడం రాదు.

క్లాసులో ఒక బుడ్డోణ్ణి "ఏలీ ఎవరు?" అంటే "గొత్తిల్లా అక్కా" (తెలీదక్కా) అన్నాడు. మా అమ్మాయి కన్నడలోనే నాలుగు ముక్కలు చెప్పి, వాణ్ణి మెల్లగా తెలుగులోకి లాక్కొచ్చింది. నా కన్నడ కూరగాయల బేరం దాకానే, నేనైతే నోరెళ్లబెట్టేదాన్ని.

ఇప్పుడు పాస్టరు గారు పెద్దపిల్లల క్లాసు కూడా తీసుకోమంటున్నారు. దానికింకా ఒప్పుకోలేదు. నేనూ బలవంతపెట్టడం లేదు.