వ్రతం శుక్రవారం, షిఫ్టూ శుక్రవారమే

వరలక్ష్మీ వ్రతం రోజు ఇంట్లో ఉండనని మా అమ్మాయి తెగేసి చెప్పింది. అది వేసవి ఉద్యోగం చేసే వినోద పార్క్‌లో ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూసేదాకా దానికి షిఫ్ట్ పడిందట. "ఒంట్లో బాలేదని ఒక మెసేజ్ పెట్టెయ్, ఒక్కరోజుకి కొంపలేం మునగవు" అన్నాను. అబద్ధాలాడితే కళ్ళు పోతాయని చిన్నప్పటినుంచి దానికి చెబుతూ వచ్చిందీ నేనే.

"నేను మానేస్తే నా రైడ్‌లో ఇంకొకళ్ళకి బ్రేక్ దొరకదమ్మా" అంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఉగాది శనివారం చేశారు. బతుకమ్మ శనివారం ఆడారు. పోయినేడు వినాయకుణ్ణి కూడా వీకెండ్ దాకా ఆపారు. లక్ష్మీదేవి ఒక్కదానికే శుక్రవారం కావాలా?"

శ్రావణ శుక్రవారం విశిష్టత గురించి ఏదో మొదలుపెట్టాను కానీ మధ్యలో నాకే పట్టు చిక్కలేదు. అమెరికా వచ్చాక పండగలన్నీ ఆఫీసు క్యాలెండర్ చూసుకునే చేసుకుంటున్నాం. మా ఆయనకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంటే సత్యనారాయణ వ్రతమే వాయిదా పడింది, అప్పుడు నేనొక్క మాట అనలేదు. ఆయనది ఉద్యోగం. దీనిది ఏమిటన్నది నాకింకా తేలలేదు. తేలుతుందేమోనని రాస్తున్నాను.

సిన్సినాటి పక్కన మేసన్‌లో ఉండేవాళ్ళకి కింగ్స్ ఐలాండ్ గురించి చెప్పక్కర్లేదు. 1972 నుంచీ ఉన్న పార్క్. 1979లో కట్టిన 'ది బీస్ట్' అనే చెక్క రోలర్ కోస్టర్ పొడవు 7,361 అడుగులు, ప్రపంచంలో అంత పొడవైన చెక్క కోస్టర్ ఇంకోటి లేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం అక్కడికి తీసుకెళ్ళి, అసలు దాంట్లో మూడో వంతు ఎత్తున్న ఈఫిల్ టవర్ నమూనా ముందు నిలబెట్టి ఫొటో తీస్తాం. ఫ్యామిలీ గ్రూపులో "పారిస్ ఎప్పుడెళ్ళారు?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఇన్నేళ్ళూ పాస్‌లు కొని వెళ్ళిన చోటికి పిల్ల ఇలా వెనక గేటులోంచి వెళ్ళే రోజొకటి వస్తుందని మాత్రం అనుకోలేదు.

చలికాలంలోనే ఫోన్‌లో తనే అప్లై చేసేసింది. ఇంటర్వ్యూ అనగానే మా ఆయనలో పాత మేనేజర్ లేచాడు. రెండు సాయంత్రాలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి "నీ బలహీనత ఏమిటి" అంటే "అతిగా కష్టపడటం అని చెప్పు" అని తర్ఫీదు ఇచ్చారు. తీరా అక్కడ అడిగింది వేరు. వీకెండ్స్ రాగలవా, ఎండలో నిలబడగలవా, కోపంగా ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడతావు. ఆఖరిదానికి జవాబు ఇంట్లోనే బాగా ప్రాక్టీస్ అయిందని చెప్పి అది నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ వేసవికి మా ప్లాన్ వేరే ఉండేది. మనవాళ్ళ పిల్లలందరూ చేస్తున్న రీసెర్చ్ ప్రోగ్రాం లాంటిదే ఒకటి. మనమే వేలల్లో ఫీజు కడితే, మన పిల్ల ఎవరి దగ్గరో పనిచేసినట్టు కాగితం వస్తుంది. ఇక్కడేమో వాళ్ళే ఎదురు డబ్బిచ్చి పని చేయించుకుంటామంటున్నారు. మా ఇద్దరికీ మొదటిదే గౌరవంగా అనిపించింది. ఎందుకు అనిపించిందని ఇప్పుడు అడిగితే చెప్పలేను.

వీడియో కాల్‌లో మా అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అల్లుడి ఉద్యోగం బాగానే ఉంది కదే?" అంది. పార్కులో పిల్ల ఊడుస్తుందని కూడా తెలిశాక, "చీపురు పట్టించావా దానితో" అని ఏడ్చినంత పని చేసింది. నిజానికి అది పొడుగు కర్ర చీపురు, పొడుగు కాడ చేట. వంగక్కర్లేకుండా పాప్‌కార్న్ గింజల్ని మణికట్టు తిప్పి చేటలోకి తోసేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇంట్లో మాత్రం పాలు తాగిన కప్పు తాగినచోటే. ఆ సంగతి అడిగితే, "ఇక్కడ నేను ఆఫ్ డ్యూటీ" అంటుంది.

ఈ పనిని చులకనగా చూసే హక్కు ఈ ఊళ్ళో అందరికంటే తక్కువగా ఉన్నది నాకే. హైటెక్ సిటీలో ఉద్యోగం వదిలేసి, హెచ్-వన్ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే హెచ్-ఫోర్ వీసా మీద వచ్చినదాన్ని. హెచ్-వన్ వాళ్ళ భార్యలకి, భర్తలకి, అదీ గ్రీన్ కార్డు కాగితాలు ఒక దశ దాటిన వాళ్ళకే, పనిచేసే అనుమతి ఇచ్చింది 2015 మేలో. అప్పటిదాకా ఏళ్ళ తరబడి ఇంట్లోనే. దుకాణాల అద్దాల మీద 'మనుషులు కావలెను' బోర్డు కనబడితే, స్ట్రాలర్ ఆపి పూర్తిగా చదివేదాన్ని. గంటకెంత, ఏ వేళలు, అన్నీ. ఏ పనైనా చేస్తాను దేవుడా అని మొక్కుకున్నాను కూడా. నా చేతికి ఆ పని అనుమతి కార్డు, ఈఏడీ, వచ్చాక తెలిసింది, నేను మొక్కిన 'ఏ పనైనా'లో చీపురు లేదని. మెళ్ళో బ్యాడ్జి, ముందు కంప్యూటర్, అంతవరకే.

మా అమ్మాయితో పాటు ఇంకో తెలుగు అమ్మాయి కూడా అప్లై చేసింది. ఎలిమెంటరీ నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ. ఇద్దరికీ పిలుపొచ్చింది. ఉద్యోగంలో చేరేముందు ఐ-నైన్ అని ఒక ఫారం ఉంటుంది, పనిచేసే హక్కు ఉందని కాగితం చూపించాలి. మాది ఇక్కడ పుట్టింది, పాస్‌పోర్ట్ తీసుకెళ్ళింది. ఆ పిల్ల హైదరాబాద్‌లో పుట్టి, మూడేళ్ళప్పుడు వచ్చింది. ఇంకా హెచ్-ఫోర్. 2015 రూలు భార్యాభర్తలకే కానీ పిల్లలకి కాదు. ఆ అమ్మాయి స్కూల్లో మా దానికంటే చురుకు, నలుగురిలో చక్కగా మాట్లాడుతుంది. వేసవంతా ఇంట్లో ఉండి తమ్ముణ్ణి చూసుకుంది. 21 ఏళ్ళు నిండేలోపు వాళ్ళ నాన్న గ్రీన్ కార్డు రాకపోతే ఆ హెచ్-ఫోర్ కూడా ఉండదు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "మీ వాళ్ళకి ఎండలో టోపీ ఇస్తారా?" అని అడిగింది. నేనేమో అంతకుముందు రోజే ఆవిడ దగ్గర, పిల్ల ఇలాంటి పనిలో చేరిందని వాపోయి ఉన్నాను.

జూలైలో ఒకరోజు చెప్పకుండా పార్క్‌కి వెళ్ళాను. పాస్ ఉంది కదా, నడక అని మా ఆయనకి చెప్పాను. అది ఒక రైడ్ మొదట్లో ఎత్తు కొలిచే కర్ర పక్కన నిలబడి ఉంది. నేను నిమ్మరసం అమ్మే బండి చాటున నిలబడ్డాను. ఇంతలో ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ మాట వినకముందే మనవాళ్ళని తెలిసిపోయింది, తండ్రి భుజానికి పులిహోర డబ్బా ఆకారం కనబడే సంచీ ఉంది. పిల్లాడు 48 అంగుళాల గీతకి వేలెడు తక్కువ. తండ్రి ఇంగ్లీషులో బతిమాలుతున్నాడు. తల్లి తెలుగులో, "మడమలు కొంచెం పైకెత్తు నాన్నా, ఆమెకి కనబడదులే" అంది.

మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, వాడి కళ్ళలోకి చూస్తూ, "మడమలు కింద పెట్టు తమ్ముడూ" అంది. దాని తెలుగు కాస్త వంకర, అయినా ఆ తల్లి మొహం మాడిపోయింది. తండ్రి మాత్రం సంబరపడిపోయాడు. "తెలుగమ్మాయివా! ఎవరమ్మా మీ నాన్నగారు? అయ్యో, ఇక్కడ పనిచేస్తున్నావేంటమ్మా, చదువుకోవట్లేదా?" ఆ ప్రశ్న ఎవరో నా నోట్లోంచి లాక్కుని అడిగినట్టుంది. "చదువుకుంటున్నాను అంకుల్. టోపీ తీయించి ఇంకోసారి నిలబెట్టండి, రూల్ ప్రకారం మళ్ళీ చూస్తాను" అంది. వాడు పాసవ్వలేదు. ఏడ్చాడు. పొట్టివాళ్ళు ఎక్కగలిగే రైడ్లు ఎటు ఉన్నాయో వాడికి మ్యాపులో చూపించింది.

నేను రెండడుగులు ముందుకేసి "మా అమ్మాయేనండీ" అనాల్సింది. అనలేదు. వాళ్ళు తెలిసినవాళ్ళేమో, మన అసోసియేషన్‌లో రేపు ఎదురుపడతారేమో అని లెక్కలు కట్టుకుంటూ బండి చాటునే ఉండిపోయాను. చిన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కించి గొళ్ళెం పెట్టే కుర్రాళ్ళుండేవాళ్ళు. ప్రతి జనవరి వెళ్ళేవాళ్ళం, ఒక్కడి మొహమూ గుర్తులేదు. ఆ రాత్రి కార్లో, "వచ్చావు కదా, దాక్కున్నావెందుకు?" అని అడిగింది. "నీ పనికి అడ్డం రాకూడదని" అన్నాను. సగం నిజమే.

మొదటి పే స్లిప్ వచ్చినరోజు మాత్రం ఇల్లు సందడిగా ఉంది. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం కోశారు. "నాకు 67 ఏళ్ళు వచ్చాక ఇచ్చే డబ్బుకి ఇప్పుడే కోతా?" అని అది లబోదిబోమంటే, మా ఆయన రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా గురించి ఉపన్యాసం మొదలెట్టారు. వాళ్ళు సంపాదించినంత మేరకే పిల్లల పేరున వేయొచ్చు, కాబట్టి వెంటనే వేసేయాలట. ఈ ఉద్యోగం వద్దన్నది ఈయనే. ఇంకోరోజు, ఏడాదిలో ఏడు నెలలకి మించి తెరవని వినోద పార్కులకి ఫెడరల్ చట్టంలో ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని మినహాయింపు ఉందని వెతికి మరీ చదివి వినిపించారు. అది శ్రద్ధగా విని, "నీ శనివారం కాల్స్‌కి ఎంతిస్తారు నాన్నా?" అంది. ఆయన ల్యాప్‌టాప్ మూసి లోపలికెళ్ళారు.

దాని టీమ్‌లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు సూపర్‌వైజర్. అతని కింద రిటైరయిన స్కూల్ టీచర్ ఒకావిడ పనిచేస్తుంది. వేసవి వీసా మీద వేరే దేశం నుంచి వచ్చిన కాలేజీ పిల్లలున్నారు. టీచర్‌గారిని ఆ కుర్రాడు పేరు పెట్టి పిలిస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, వాళ్ళెవరికీ పట్టదు.

వ్రతం నాడు ముత్తయిదువులు "అమ్మాయేదీ?" అని అడిగారు. "ఇంటర్న్‌షిప్" అన్నాను. ఏ కంపెనీలో అంటే, "ఎంటర్‌టైన్‌మెంట్ రంగం" అన్నాను. ఒకావిడ తన కూతురికి కూడా చూడమంది, రెజ్యూమే పంపుతానంది. పంపింది కూడా. ఇంతవరకూ జవాబివ్వలేదు.

పిల్లల్ని ఇలాంటి పనికి పంపండి, బాధ్యత తెలుస్తుంది అని మీకు చెబుదామనే మొదలుపెట్టాను. రెండు వేసవులు కలిపి మేం చెప్పిన దానికంటే, కోపంతో ఊగిపోయే మనిషికి మంచినీళ్ళ చోటు చూపించడం దానికి ఎక్కువ నేర్పిందన్నది నిజమే. కానీ కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష పుస్తకం జూన్‌లో తెరిచిన పేజీ దగ్గరే ఉందన్నదీ నిజమే. "కాలేజ్ ఎస్సేకి భలే పనికొస్తుంది" అని స్నేహితురాలు ఓదార్చినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. అప్లికేషన్‌లో ఒక గడి నిండుతుందంటే తప్ప నాకు ఆ పని పని అనిపించదేమో. మీ ఇంట్లో సంగతి మీరే చూసుకోండి, నన్ను మాత్రం అడక్కండి.

ఇప్పుడు కొత్త గొడవ. హాలోవీన్ సీజన్‌లో శుక్ర, శనివారాల రాత్రులు పనిచేస్తారా అని అడిగారట. ఎస్ఏటీకి ముందు రాసే పీఎస్ఏటీ అక్టోబరులోనే. బతుకమ్మ ఆటలూ ఆ దగ్గరలోనే, ఎలాగూ శనివారమే పెడతారు. మా ఆయన కుదరదన్నారు. "నాన్నని నేను ఒప్పిస్తాలే" అని దానికి మాటిచ్చాను. "నేనెంత చెప్పినా అది వినట్లేదండీ" అని ఆయనకి చెబుతున్నాను. ఆదివారం లోపు జవాబు పంపాలట.