బ్లౌజు కొలతల పుస్తకంలో బీపీ

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, మా వీధిలో ఎవరికి ఏ జబ్బు చేసినా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో నన్నే అడిగేవారు. మోకాళ్ళకి ఒకరు, గ్యాస్‌కి ఒకరు, ఆడవాళ్ళ సమస్యకి శ్రీకాకుళంలో ఒకరు, తలనొప్పికి విశాఖలో ఒకరు. ఇంతమందికి చూపించుకున్న నాకు, ఆ రాత్రి ఫోన్ చేద్దామంటే ఒక్కరి నంబరూ లేదు.

నేను బ్లౌజులు కుడతాను. ఇరవై ఏళ్ళు మెషిన్ తొక్కేసరికి మోకాళ్ళు అరిగాయి. మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చే నొప్పి మాత్ర పొద్దున ఒకటి, పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి ఇంకోటి వేసుకునేదాన్ని. కాళ్ళకి నీరు పట్టింది. మేడ మెట్లెక్కితే ఆయాసం. "మెషిన్ మీద కూకుంటే అందరికీ అంతేనే" అన్నారు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను కాబట్టి తప్పంతా ఆయన మీదకి నెట్టలేను. సగం మాత్రం నెడతాను.

మాఘమాసం. ముహూర్తం బ్లౌజులు పదకొండు మిగిలున్నాయి. రాత్రి రెండింటికి దగ్గుతో మెలకువ వచ్చింది. పడుకుంటే ఊపిరందదు, లేచి కూర్చుంటే కొంచెం అందుతుంది. ఈత రానిదాన్ని మహేంద్రతనయ ఏట్లో ముంచినట్టుంది. నోటి నుంచి నురగ, కాస్త ఎర్రగా. "ఏటే, ఏటయినాది" అంటూ ఆయన లైటు వేశారు. జవాబు చెప్పడానికి గాలి లేదు. పక్కింటి ఆటోలో కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. నీలమణి దుర్గమ్మకి ఏం మొక్కానో గుర్తు లేదు. చీరో, కోడో, రెండూనో.

ఆసుపత్రిలో నర్సు బీపీ చూసి ఇంకోసారి చూసింది. 220/130. ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే ఇంజెక్షన్ చేశారు. ఆ అమ్మాయి పేరు అడగలేదు, చెయ్యి మాత్రం వదలలేదు. డ్యూటీ డాక్టర్ నా మంచం పక్కనే నిలబడి కాంపౌండర్‌తో ఒరియాలో అన్నాడు: ఇలాంటోళ్ళు చావు దగ్గరకొచ్చాకే వస్తారు, కిడ్నీలు ఈపాటికి పోయుంటాయని. తెలుగువాళ్ళం కదా, అర్థం కాదనుకున్నాడు కాబోలు. నేను పదో తరగతి దాకా ఒరియాలోనే చదివాను. ప్రాణం నిలబెట్టింది అతనే. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట విన్నాక నలభై నిమిషాలు నా పిల్ల పెళ్ళి నేను లేకుండా ఎలా జరుగుతుందో ఊహించుకుంటూ పడున్నాను. దానికి మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

అక్కడి నుంచి విశాఖ తీసుకెళ్ళారు, తొమ్మిది రోజులు. స్కానులు, రక్తాలు, అందరికీ జరిగేవే. బిల్లు కౌంటర్‌లో ఆరోగ్యశ్రీ ఉందా అని అడిగారు. మాట తెలుగే, కార్డు మాత్రం ఒడిశాది. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసిందని బడిలో బట్టీ పట్టాను గానీ, ఆ గీత ఎక్కడుందో ఆ కౌంటర్ దగ్గర తెలిసింది. మా వదిన చేతి గాజులు తీసి ఇచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆవిడతో ఆరు నెలలు మాట్లాడలేదు నేను.

అక్కడి కిడ్నీ డాక్టర్ పాత కాగితాలు తిరగేసి ఒకటి బయటికి తీశారు. రెండేళ్ళ కిందట శ్రీకాకుళంలో చేసిన రక్త పరీక్ష. క్రియాటినిన్ 1.6. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది అదే, నాకప్పటికే ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ కాగితం శ్రీకాకుళం ఫైల్లో ఉంది, నొప్పి మాత్ర మా ఊరి మెడికల్ షాపులో ఉంది, తలనొప్పి విశాఖలో ఉంది. మూడూ ఒకేచోట చూసినవాళ్ళు లేరు. బీపీ కిడ్నీని తినేస్తోంది, నొప్పి మాత్ర బీపీనీ పెంచి కిడ్నీనీ దెబ్బతీస్తోంది అని ఆయన చెప్తుంటే ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది. చేరినప్పుడు 3.4 ఉన్నది దిగి 1.8 దగ్గర ఆగింది. డయాలసిస్ అక్కర్లేదన్నారు.

ఇంటికొచ్చాక దగ్గర్లో ఒక్క డాక్టర్‌ని పట్టుకోవాలనుకున్నాను. మొదటాయన నేను కూర్చునేలోపే మందులు రాసేశారు. రెండో ఆవిడ మంచిదే, వారానికి రెండు రోజులే వస్తారు. మూడో ఆయన పాతపట్నంలో ఉంటారు, పెద్ద బోర్డేమీ లేదు. "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండమ్మా" అన్నారు. బల్ల మీద గుమ్మరిస్తే పేర్లు వేరైనా రెండు ఒకటే నొప్పి మందు. తర్వాత "మీ అమ్మగారికి ఏమైంది?" అని అడిగారు. యాభై రెండేళ్ళకి స్నానాల గదిలో పడిపోయింది, కాలు చెయ్యి పడిపోయి పోయింది అన్నాను. చెప్తుంటేనే నాకు అర్థమైంది, అమ్మదీ బీపీయే అయ్యుంటుందని. ఇన్నేళ్ళలో అంతమంది డాక్టర్లలో ఆ ప్రశ్న అడిగింది ఈయనొక్కరే.

మీరూ డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఎన్ని మందులు రాశారని కాదు, ఏ మందు మానమన్నారో చూడండి. పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్తానంటే ముఖం ముడుచుకోకూడదు. ఈయన ముడుచుకోరు, ఉత్తరం రాసి పంపుతారు. నాకు మూడు నెలలకోసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని, ఏడాదికోసారి షుగర్ చూస్తారు.

ఇంకో అప్పు కూడా ఉంది. మా వీధి ఆశా కార్యకర్త, మేం దీదీ అంటాం, అంతకుముందు మూడుసార్లు వచ్చింది. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి సబ్‌సెంటర్‌లో బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు డబ్బుల్లేకుండా చేస్తారు, రండి అని. ముహూర్తాలు అయ్యాక వస్తానని మూడుసార్లూ పంపేశాను. మొన్న నేనే వెళ్ళి అన్నీ చేయించుకున్నాను. ఆవిడ ఒక్క మాటా దెప్పలేదు. తనకి రెండు బ్లౌజులు కుట్టిచ్చాను, కూలి తీసుకోలేదు.

బీపీ ఇప్పుడు కొలతల పుస్తకంలోనే రాస్తున్నాను, చివరి పేజీల్లో. నిన్న దీదీ వచ్చినప్పుడు మా ఆయన్నీ కూర్చోబెట్టాను. 158/96. "ఇప్పుడే టీ తాగాను కదా" అన్నారు. సరే అని అరగంట మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి మళ్ళీ చూపించాం. 154/94. ఆయన పేరుతో పక్క పేజీ మొదలుపెట్టాను. సోమవారం పాతపట్నం వెళ్తున్నాం, ఇద్దరం.