అత్తయ్య సంతకం పెట్టనన్నారు

శ్రీలంకలో నేషనల్ ఐడీ కార్డు పోతే ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించుకోవాలి. ఆ నకలు పట్టుకుని గ్రామ నిలధారి దగ్గరికి, అంటే మన వీఆర్వో లాంటాయన దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాత డివిజనల్ సెక్రటేరియట్. బస్సులో మా అత్తయ్య పర్సు పోయింది. మాది చిత్తూరు, నాకు తమిళం బాగానే వచ్చు కాబట్టి తోడు వెళ్లాను. సింహళం మాత్రం కూరగాయలు బేరమాడేంతే.

కొలంబో శివారు స్టేషన్. డెస్క్ దగ్గరున్నాయన మర్యాదగానే కుర్చీ వేశాడు. అత్తయ్య తమిళంలో చెబుతుంటే సగం ఇంగ్లీషుతో, సగం సైగలతో అర్థం చేసుకుని, పెద్ద రిజిస్టర్‌లో సింహళంలో గబగబా రాసేశాడు. పుస్తకం ఇటు తిప్పి, ఎక్కడ సంతకం చేయాలో పెన్నుతో చూపించాడు.

"ఇందులో ఏముందో నాకు తెలీదు. ఎలా పెడతాను?" అన్నారు అత్తయ్య.

"పోయింది కార్డే కదా ఆంటీ," అన్నాడు డెస్క్ ఆయన.

ఆవిడ కదల్లేదు. టెన్షనంతా నాదే. ఆవిడ అంతర్యుద్ధ కాలంలో, ఉత్తరాన తమిళులు ఎక్కువుండే జాఫ్నాలో బతికిన మనిషి. చదవలేని సింహళ కాగితాల మీద సంతకం చేసి జైలుకెళ్లినవాళ్ల సంగతి ఆవిడకు తెలుసు.

1956 చట్టం సింహళాన్నొక్కదాన్నే అధికార భాషను చేసింది. 1987లో రాజ్యాంగ పదమూడో సవరణతో తమిళానికీ ఆ హోదా వచ్చింది. మరుసటి ఏడు పదహారో సవరణ, ఉత్తర, తూర్పు ప్రావిన్సుల బయట ఉన్నా సరే ప్రభుత్వంతో తమిళంలో వ్యవహరించే హక్కు ఇచ్చింది. ఫోన్‌లో ఆ హక్కున్న రాజ్యాంగం 22వ అధికరణం తీసి చూపించాను. ఆయన చదివి, నవ్వి, తమిళం వచ్చిన కానిస్టేబుల్ మధ్యాహ్నం వస్తాడన్నాడు.

పదమూడో సవరణ ప్రొవిన్షియల్ కౌన్సిళ్లకు, అంటే ప్రావిన్సుల పాలక సభలకు, రాసిచ్చిన పోలీసు అధికారాలు ఇప్పటికీ వాటి చేతికి రాలేదు. వచ్చినా జాఫ్నాకు మేలు జరుగుతుందేమో గానీ, మా స్టేషన్ మారదు. కొలంబో తమిళులకు ఆసరా ఆ అధికరణమే అని నాకనిపిస్తుంది.

కానిస్టేబుల్ వచ్చి తమిళంలో రాశాడు. అత్తయ్య అక్షరమక్షరం చదివి, బస్సు నంబరు దిద్దించి, అప్పుడు సంతకం పెట్టారు. మిగతా పని చకచకా అయిపోయింది. పాత కార్డు మొత్తం సింహళమే, కొత్తదాంట్లో పేరు తమిళంలోనూ ఉంది.

తర్వాత ఆవిడ అధికార భాషల కమిషన్‌కు తమిళంలో ఉత్తరం రాశారు. డెస్క్ ఆయన మీద ఫిర్యాదేం కాదు. ప్రతి షిఫ్టులోనూ తమిళం వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలని అడిగారు, అంతే.