మోకాలి లోపలి పాచి

అమ్మకి కుడి మోకాలు మార్పించిన నెలకే కుట్టు పక్కన చెమ్మ కనిపించింది. పెదవాల్తేరులో మా ఇంటి దగ్గరి మందుల షాపు నుంచి ఐదు రోజుల యాంటీబయాటిక్ తెచ్చాను. ఆరిపోయింది. మూడు వారాలకి మళ్లీ చెమ్మ, మళ్లీ మాత్రలు. అలా మూడుసార్లు. తెచ్చింది నేనే, ఆ బాధ ఇంకా పోలేదు.

చివరికి మోకాల్లోంచి నీరు తీసి, బ్యాక్టీరియాని పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపితే ఏమీ పెరగలేదు. మేం సంతోషించాం. సర్జన్ గారు మాత్రం యాంటీబయాటిక్‌లన్నీ రెండు వారాలు ఆపించి మళ్లీ నీరు తీశారు. అప్పుడు బయటపడింది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. మేం వాడిన మందుకే లొంగుతుందని రిపోర్టు! మరి ఎందుకు చావలేదు?

"పుక్కిలిస్తే పళ్ల పాచి పోతుందామ్మా?" అని అమ్మనడిగారాయన. పళ్ల పాచీ బయోఫిల్మేనట, అంటే బ్యాక్టీరియా గుంపుగా జిగురులో కట్టుకునే పొర. మోకాల్లో పెట్టిన లోహపు కీలుకి రక్తప్రసరణ ఉండదు. దానికి అంటుకున్న బ్యాక్టీరియా చక్కెరలు, ప్రోటీన్లు, చచ్చిన తోటి కణాల డీఎన్ఏతో జిగురు అల్లుకుని, అడుగున తిండి చాలక దాదాపు ఎదగడం మానేస్తుంది. మేం వాడిన మాత్ర, గోడ కట్టుకుంటూ పెరిగే కణాన్నే కూలుస్తుంది. కట్టడమే మానేసి పడుకున్నదాన్ని ఏం చేస్తుంది? పాచి నుంచి విడివడి తేలేవి చచ్చాయి, అందుకే చెమ్మ ఆరింది. ల్యాబులో పరీక్షించేదీ అలా విడిగా పెరిగేవాటినే.

పక్క మంచం పెద్దాయన చెమ్మ కనపడ్డ వారంలోనే వచ్చారు. ఆయనకి కీలు తీయలేదు. లోపల కడిగి, మధ్య ప్లాస్టిక్ ముక్క మార్చి, రిఫాంపిసిన్ మొదలుపెట్టారు. టీబీకి వాడే మందే. లోహం మీది స్టెఫైలోకాకస్ పాచిలో మందగించినవాటినీ అది చంపగలదు. కానీ ఒంటరిగా ఇస్తే బ్యాక్టీరియా త్వరగా లొంగకుండా పోతుంది కాబట్టి జోడుగా ఇంకో మందు తప్పనిసరి. మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది, లేకపోతే ఆయన హడలిపోయేవారు.

అమ్మకి ఆ సమయం దాటిపోయింది. కీలు మొత్తం తీసేసి, వాంకోమైసిన్, జెంటామైసిన్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. ఆ దిమ్మలోంచి కారే చోట మందు ఎంత చిక్కగా ఉంటుందంటే, రక్తంలో అంత ఉంటే కిడ్నీలు తట్టుకోవు. ఆరు వారాలు ఇంజెక్షన్లు. ఒకప్పుడు సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచిన మనిషి, బాత్రూముకి నన్ను పట్టుకుని వెళ్లింది.

కుట్టు చెమ్మగిల్లితే మాత్ర వేయకముందే ఆపరేషన్ చేసినవాళ్లకి చూపించండి, దయచేసి.

కొత్త కీలు వేసి రెండు నెలలైంది. మొన్న మంగళవారం కర్ర పట్టుకుని పోలమాంబ గుడిదాకా వెళ్లొచ్చింది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్పీ ఎంతుందో చూడ్డానికి రక్తం ఇచ్చాం, రిపోర్టు రేపొస్తుంది.